మేజర్ టోర్నమెంటు - మన ఇంటి ఆడపిల్లలు

(మన సంఘం వార్షిక సమావేశంలో పుదుచ్చేరిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "సుబేదార్ సాబ్, ఆటల గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఆడవాళ్ళ గోల్ఫ్ గురించి, అందులోనూ మేజర్ టోర్నమెంట్ల గురించి మాట్లాడతానంటే ఆయన కాసేపు నా మొహం చూశారు. కబడ్డీ కాదా, వాలీబాల్ కాదా అన్నారు. కాదండీ, గోల్ఫే. ఎందుకన్నది చివరకు మీకే తెలుస్తుంది. వచ్చే నెల మన సంఘం ఆటల పోటీలకీ దీనికీ సంబంధం ఉంది.

మన ఫౌజీలకు మేజర్ అనగానే భుజం మీద సింహాల గుర్తు కనిపిస్తుంది. గోల్ఫులో మేజర్ అంటే ర్యాంకు కాదు. ఏడాది పొడుగునా జరిగే టోర్నమెంట్లలో అన్నిటికన్నా పెద్దవిగా లెక్కపెట్టే కొన్నిటికి ఆ పేరు. ఆడవాళ్ళకి ఇప్పుడు ఏడాదికి అలాంటివి అయిదు. 1946లో మొదలైన అమెరికా మహిళల ఓపెన్, 1955లో మొదలైన మహిళల పీజీఏ చాంపియన్‌షిప్, ఇప్పుడు షెవ్రాన్ చాంపియన్‌షిప్ అంటున్న 1972 నాటి పోటీ, 1976లో మొదలై 2001లో మేజర్ హోదా పొందిన బ్రిటిష్ మహిళల ఓపెన్. అయిదోది ఫ్రాన్సులో జరిగే ఎవియాన్ చాంపియన్‌షిప్. అది 1994లో మొదలైంది, 2013లో మేజర్ అయింది.

ఫ్రాన్సు పేరెత్తితే పుదుచ్చేరిలో ప్రతివాడికీ ఎవరో ఒక చుట్టం గుర్తొస్తాడు. మన బీచ్ రోడ్డులో ఫ్రెంచి యుద్ధ స్మారకం ముందు నుంచి రోజూ నడుస్తాం. ఈ ఊరి నుంచి వెళ్ళి ఫ్రెంచి సైన్యంలో చేసి, పింఛనుతో తిరిగొచ్చిన కుటుంబాలు మనకు ఇరుగుపొరుగు. జూలై 14న వాళ్ళ జాతీయ దినం ఇక్కడా జరుపుకుంటారు. ఎవియాన్ అనేది లెమాన్ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. దాని పేరు మీద అమ్మే నీళ్ళ సీసాలు ప్రపంచమంతా తెలుసు. 2023 జూలైలో అక్కడ సెలిన్ బుటియే అనే అమ్మాయి ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచింది. ఆ టోర్నమెంటును ఫ్రాన్సు దేశపు అమ్మాయి గెలవడం అదే మొదటిసారి. ఆమె తల్లిదండ్రులు థాయిలాండ్ నుంచి ఫ్రాన్సు వెళ్ళినవాళ్ళు. బయటి నుంచి వచ్చిన ఇంటి బిడ్డ ఆ దేశం జెండా ఎగరేసింది. ఈ మాట ఈ ఊరివాళ్ళకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

గోల్ఫ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సాయంత్రాలు మన ఊళ్ళో పెద్దవాళ్ళు ఇనుప గుండ్లతో బూల్ ఆడటం చూసే ఉంటారు. చిన్న చెక్క గోలీ ఒకటి వేసి, దాని దగ్గరికి ఎవరి గుండు చేరుతుందో చూస్తారు. గోల్ఫులో గోలీ బదులు నేలలో చిన్న గుంట. కాకపోతే ఆ గుంట నాలుగైదు వందల గజాల అవతల కూడా ఉండొచ్చు. అలాంటివి పద్ధెనిమిది. ఒక్కో గుంటకు ఇన్ని దెబ్బల్లో వెయ్యాలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. పద్ధెనిమిది గుంటలూ కలిపి సాధారణంగా 72 దగ్గర ఉంటుంది. ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వాళ్ళదే గెలుపు. మేజర్లలో నాలుగు రోజులు ఆడాలి. రెండు రోజులయ్యాక కోత ఉంటుంది. వెనకబడినవాళ్ళు సామాను సర్దుకుని ఇంటికి వెళ్ళాల్సిందే.

నేను ఆర్టిలరీ వాణ్ణి. ఈ ఆట నాకు అర్థమైంది గన్ను వల్లనే. గోల్ఫ్ ఆడే మనిషి సంచిలో పద్నాలుగు క్లబ్బులకు మించి ఉండకూడదు. ఒక్కోదానికి ముఖం ఒక్కో వాలులో ఉంటుంది. వాలు ఎక్కువైతే బంతి ఎత్తుగా లేచి దగ్గర్లో పడుతుంది, తక్కువైతే కిందుగా వెళ్ళి దూరం పడుతుంది. మనకు ఎలివేషనూ ఛార్జీ ఎలాగో వాళ్ళకు క్లబ్బూ ఊపూ అలాగ. గాలి ఎటుంది, నేల ఎత్తా పల్లమా, తడిగా ఉందా, ఇవన్నీ లెక్కే. ఆమె పక్కన సంచి మోసే కేడీ ఉంటాడు. దూరం చెప్పేదీ, గాలి చూసేదీ, ధైర్యం చెప్పేదీ అతనే. ఒక్కటే తేడా. మనకు రేంజింగ్ ఉంటుంది. మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి ఓపీలో ఉన్న ఆఫీసరు "యాడ్ 200, డ్రాప్ 100" అని సరిదిద్దుతాడు. వాళ్ళకు ఆ సౌకర్యం లేదు. మొదటి దెబ్బే లెక్కలోకి వస్తుంది.

ఇక మనసులో మాట చెప్పుకుందాం. మన కాలంలో గోల్ఫ్ అంటే ఆఫీసర్ల ఆట. మనలో చాలామంది గోల్ఫ్ మైదానంలో అడుగుపెట్టింది గడ్డి కోసే ఫెటీగ్ పడ్డప్పుడే. నేను రిక్రూటుగా ట్రైనింగ్ చేసింది గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో. తర్వాతి కాలంలో ఆ గోల్కొండ కోటలోనే, నయా ఖిల్లా వైపు, పెద్ద గోల్ఫ్ మైదానం వచ్చింది. సెలవులో వెళ్ళినప్పుడు గోడ అవతల నుంచి పచ్చగడ్డి చూసి వచ్చేవాణ్ణి. గోడ దాటినవాళ్ళు లేకపోలేదు. ఢిల్లీలో కేడీగా సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అయినా గోడ గోడే. ఆడపిల్లలకైతే రెండు గోడలు.

ఆ గోడను మొదట పగలగొట్టినవాళ్ళలో ఒకావిడ మన జాతి మనిషే. జాతి అంటే ఫౌజు జాతి. ఆమె పేరు పాటీ బర్గ్, అమెరికా మనిషి. 1941 డిసెంబరులో కారు ప్రమాదంలో ఆమె మోకాలు బాగా దెబ్బతింది. కోలుకుని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మెరైన్ దళంలో లెఫ్టినెంటుగా పనిచేసింది. యుద్ధం ముగిశాక 1946లో మొట్టమొదటి అమెరికా మహిళల ఓపెన్ జరిగితే గెలిచింది ఆవిడే. బహుమతిగా 5,600 డాలర్లు ఇచ్చారు, అదీ చేతికి నగదు కాదు, యుద్ధ బాండ్లు. 1950లో పదముగ్గురు ఆడవాళ్ళు కూడి ఎల్పీజీఏ అనే సంఘం పెట్టుకుంటే దానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆవిడే. మొత్తం పదిహేను మేజర్లు గెలిచింది. ఆ లెక్కను ఇప్పటిదాకా ఏ స్త్రీ దాటలేదు. 2022 నాటికి అదే ఓపెన్‌లో మొత్తం బహుమతి కోటి డాలర్లయింది. అప్పటికీ మగవాళ్ళ ఓపెన్ బహుమతి కోటీ డెబ్బై అయిదు లక్షలు. దూరం తగ్గింది, చెరిగిపోలేదు.

ఈ ఆటలో నాకు నచ్చిన ఇంకో సంగతి క్రమశిక్షణ. ఎవరి స్కోరు కార్డుకు వాళ్ళు సంతకం పెట్టి ఇవ్వాలి. 1957 అమెరికా మహిళల ఓపెన్‌లో జాకీ పంగ్ అనే హవాయి దీవుల ఆవిడ అందరికన్నా తక్కువ స్కోరుతో ఆట ముగించింది. అయితే కార్డులో ఒక గుంట దగ్గర 6 ఉండాల్సిన చోట 5 పడింది. రాసింది తోటి ఆటగత్తె, మొత్తం కూడిక సరిగ్గానే ఉంది. కానీ సంతకం పెట్టింది ఈవిడ. పోటీలోంచి తీసేశారు. కిరీటం బెట్సీ రాల్స్‌కు వెళ్ళింది. ఆ క్లబ్బు సభ్యులు చూడలేక అప్పటికప్పుడు చందాలు వేసుకుని జాకీకి ఇచ్చారు. ఆ మొత్తం గెలిచినావిడ బహుమతి కన్నా ఎక్కువైంది. మనలో క్వార్టర్ మాస్టర్ స్టోర్సులో పనిచేసినవాళ్ళకు సంతకం బరువు తెలుసు. నియమం నియమమే, మానవత్వం మానవత్వమే. రెండూ ఒకే రోజు, ఒకే చోట కనిపించాయి.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వద్దాం.

2021 జూన్‌లో అమెరికా మహిళల ఓపెన్ శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని ఒలింపిక్ క్లబ్బులో జరిగింది. ఓపెన్ అని పేరు ఎందుకంటే, నైపుణ్యం చూపించగలిగితే డబ్బు తీసుకోని అమెచ్యూరు కూడా క్వాలిఫయింగ్ ఆడి లోపలికి రావచ్చు. అలా న్యూజెర్సీ నుంచి పదిహేడేళ్ళ బడిపిల్ల ఒకతె వచ్చింది. పేరు మేఘా గన్నె. తల్లిదండ్రులు ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు. గన్నె అనే ఇంటిపేరు మన తెలుగు ఊళ్ళలో వినేదే. మొదటి రోజు ఆ పిల్ల 67 కొట్టి, ఆరితేరిన ప్రొఫెషనల్స్‌తో సమానంగా పైన నిలబడింది. రెండో రోజు 71, మూడో రోజు 72. ఆఖరి రోజు అందరికన్నా చివరగా బయలుదేరే ముగ్గురిలో ఒకతె అయింది. టీవీలన్నీ చూసేది ఆ ముగ్గుర్నే.

ఆఖరి రోజు ఆమెకు 77 పడింది. పద్నాలుగో స్థానంలో మరికొందరితో కలిసి ముగించింది. అమెచ్యూర్లలో మొదటి స్థానం ఆమెదే. అదే రోజు, అదే ముగ్గురిలో ఉన్న అమెరికా పెద్ద క్రీడాకారిణి లెక్సీ థాంప్సన్ చేతిలో అయిదు స్ట్రోకుల ఆధిక్యం ఉండి కూడా పోగొట్టుకుంది. మూడో ఆమె, యూకా సాసో, ప్లేఆఫ్‌లో గెలిచింది. మైదానం ఎవరి మొహమూ చూడదు. మేఘ అక్కడితో ఆగలేదు. 2025 ఆగస్టులో అమెరికా మహిళల అమెచ్యూర్ చాంపియన్ అయింది. 77 కొట్టిన రోజు ఇంట్లోవాళ్ళు "చాల్లే తల్లీ, ఇక పుస్తకాలు పట్టుకో" అని ఉంటే 2025 ఉండేది కాదు. ఆమె పుస్తకాలూ వదల్లేదు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుకుంటూనే ఆడింది.

మన దేశంలో ఉండి ఆడినవాళ్ళలో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ గురించి మీకు తెలుసు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, ఒక్క స్ట్రోకు తేడాతో కంచు పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రోజు ఆమె సంచి మోసింది కన్నతల్లే. 2023లో షెవ్రాన్ మేజర్‌లో అదితి మొదటి పదిమందిలో నిలిచింది. ఆ రెండు రోజులూ గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్ళలో కూడా ఆ మాట వినబడింది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న అమ్మాయి దీక్షా డాగర్. హర్యానాలోని ఝజ్జర్ అమ్మాయి, 2000 డిసెంబరులో పుట్టింది. తండ్రి కర్నల్ నరీందర్ డాగర్, మన ఆర్మీవారే. ఆ పిల్లకు పుట్టుకతోనే వినికిడి లోపం. అన్నకూ అదే ఇబ్బంది. చిన్నప్పుడే చెవి మిషను పెట్టారు. తండ్రి గోల్ఫ్ బాగా ఆడేవారు, కూతురికీ నేర్పించారు. చాలా పోటీల్లో కేడీగా ఆమె సంచి మోసింది కూడా ఆయనే. ఆలోచించండి, ఒక కర్నల్ సాబు ఎండలో కూతురి సంచి భుజానేసుకుని వెనక నడుస్తున్నారు. ఎడమచేతి వాటం అమ్మాయి, మాట సరిగ్గా వినబడదు, ఆ ఆటేమో ఖరీదైనది. వద్దనుకోవడానికి కారణాలు కావలసినన్ని. ఆయన వద్దనుకోలేదు.

2017లో తుర్కియేలోని సామ్‌సున్‌లో బధిరుల ఒలింపిక్స్ జరిగాయి. ఆ పోటీల్లో గోల్ఫ్ చేరింది అప్పుడే. దీక్ష వెండి తెచ్చింది. 2019 మార్చిలో, పద్ధెనిమిదేళ్ళకే, దక్షిణాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచింది. అది బధిరుల పోటీ కాదు, అందరితో కలిసి ఆడినది. టోక్యో ఒలింపిక్స్‌కు వేరే దేశం క్రీడాకారిణి తప్పుకోవడంతో చివరి నిమిషంలో పిలుపు వస్తే సంచి సర్దుకుని వెళ్ళింది. 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో బంగారం. 2023 జూన్‌లో చెక్ దేశపు ఓపెన్ గెలుపు. అదే ఏడాది ఆగస్టులో, ఇంగ్లాండులోని వాల్టన్ హీత్‌లో, మేజర్ అయిన మహిళల ఓపెన్‌లో ఇరవై ఒకటో స్థానంలో నిలిచింది. ఇరవై ఒకటా అని తీసిపారేయకండి. ప్రపంచంలో మేటి ఆటగత్తెలంతా దిగిన మైదానంలో రెండు రోజుల కోత దాటి, నాలుగు రోజులూ నిలబడి సాధించిన ఇరవై ఒకటి అది. 2023 సంవత్సరానికి ఆమెకు అర్జున అవార్డు వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. ఈ హాల్లో గన్నర్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చెయ్యెత్తండి. ఎత్తనివాళ్ళలో కొందరికి ప్రశ్న వినబడి ఉండదు. నవ్వుకున్నాం, బాగుంది. కానీ గన్ను పక్కన ఏళ్ళతరబడి నిలబడ్డవాళ్ళకు చెవులు మందగించడం మనకు కొత్త కాదు. అయినా ఎవరం చెప్పం. టీవీ సౌండు పెంచుకుంటాం, ఇంట్లోవాళ్ళే గట్టిగా మాట్లాడాలంటాం. మనమే దాచుకుంటే మన ఇంట్లో పిల్లకు ఆ లోపం ఉన్నప్పుడు దాన్నీ దాచేస్తాం. పెళ్ళి సంబంధాలకు ఇబ్బందని జుట్టు చెవుల మీదికి దువ్వుతాం.

మా తమ్ముడి కూతురికి పన్నెండేళ్ళు. యానాం దగ్గర మా పల్లెలో ఉంటుంది. చెవికి మిషను ఉంది. పరుగెత్తితే మగపిల్లలు వెనకబడతారు. బళ్ళో పరుగుపందేనికి పేరిచ్చింది. "ఈ పిల్లకి విజిల్ వినబడదు, మధ్యలో గందరగోళం అవుతుంది" అని పేరు కొట్టేశారు. ఏ బడి అన్నది ముఖ్యం కాదు, అలాంటివి చాలా ఉన్నాయి. పిల్ల ఏడవలేదట. "విజిల్ బదులు చెయ్యి ఊపొచ్చు కదా నాన్నా" అందట. తమ్ముడు ఫోనులో ఈ మాట చెప్పి, "ఏం చెప్పమంటావన్నయ్యా?" అని అడిగాడు.

పిల్ల అన్నది అక్షరాలా నిజం. బధిరుల ఒలింపిక్స్‌లో పరుగు మొదలుపెట్టేది కంటికి కనబడే సంకేతంతోనే, లైటు వెలిగించో జెండా ఊపో. సిగ్నల్స్ సోదరులు ఇక్కడ ఉన్నారు, నేవీ వాళ్ళున్నారు. జెండాతో ఎంత పెద్ద సమాచారమైనా పంపగలిగినవాళ్ళం. ఒక పరుగుపందెం మొదలుపెట్టలేమా?

ఈ మధ్య ఒక మిత్రుడు నాతో అన్నాడు, "సాబ్, గోల్ఫ్ డబ్బున్నవాళ్ళ ఆట, పింఛను మీద బతికేవాళ్ళకు ఆ కబుర్లెందుకు?" అని. ఆయనన్నది సబబే. క్లబ్బులు ఖరీదు, మైదానం ఖరీదు, ప్రయాణాలు ఇంకా ఖరీదు. మన పిల్లల్ని గోల్ఫ్ ఆడించమని నేను అడగట్లేదు. నేను చూపించేది ఆ ఇళ్ళలో తల్లిదండ్రులు చేసిన పని. పిల్ల గెలుస్తుందని రాసిచ్చినవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళు మైదానం దాకా తీసుకెళ్ళి, మొదటి దెబ్బ కొట్టే చోట నిలబెట్టారు. ఆ తర్వాత లెక్క చెప్పేది స్కోరు కార్డు. పరుగైనా, షాట్‌పుట్ అయినా అంతే.

మన సంఘం ఆటల పోటీల కాగితం చూశాను. మగపిల్లలకు వంద మీటర్లు, రెండొందల మీటర్లు, షాట్‌పుట్, లాంగ్‌జంప్. ఆడపిల్లలకు మ్యూజికల్ చైర్సు, నిమ్మకాయ చెంచా. నిమ్మకాయ చెంచా తక్కువని కాదు, పెద్దాడవాళ్ళు సరదాగా ఆడనివ్వండి. మన పిల్లలకు మాత్రం అది చాలదు.

అందుకని ఈ సర్వసభ్య సమావేశం ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను. ఒకటి, మగపిల్లలకున్న పందేలన్నీ ఆడపిల్లలకూ పెట్టాలి, పతకాలూ అవే ఇవ్వాలి. రెండు, ప్రతి పరుగూ విజిల్‌తో పాటు జెండాతో కూడా మొదలవ్వాలి. జెండా పట్టుకునే డ్యూటీ నేను చేస్తాను. మూడు, మీ ఇంట్లో పిల్ల పిలిస్తే పలకడం లేదనిపిస్తే, చదువు మీద ధ్యాస లేదని తిట్టే ముందు చెవి డాక్టరుకు చూపించండి. ఆమె ఈసీహెచ్‌ఎస్ పరిధిలోకి వస్తే పాలీక్లినిక్‌లో అడగండి. మీ సొంత చెవులు కూడా అదే రోజు చూపించుకోండి.

మొదటి రెండింటికీ కొత్త ఖర్చు పెద్దగా లేదు. పతకాలు పది ఎక్కువ చేయించాలి. ఆ పదిలో అయిదు నా ఖాతాలో రాసుకోండి, ఖజాంచిగారూ.

తమ్ముడికి నేనిచ్చిన జవాబు ఒక్కటే. "పిల్లని తీసుకుని పుదుచ్చేరి రా. మన సంఘం పోటీల్లో పేరిద్దాం" అన్నాను. బస్సు టిక్కెట్లు కొనేశాడు. ఆ పిల్ల గెలుస్తుందో లేదో నాకు తెలియదు. లాస్‌పేట నుంచి, ముత్యాలపేట నుంచి మీ పిల్లలు కూడా గట్టివాళ్ళే వస్తారు, రావాలి కూడా. గీత మీద ఆమెతో పాటు మీ అమ్మాయీ నిలబడాలి. ఇప్పుడు అధ్యక్షులవారు ఈ విన్నపాలను సభ ముందు పెట్టి, చేతులెత్తమని అడగాలని ప్రార్థిస్తున్నాను. ఈసారి ప్రశ్న అందరికీ వినబడేలా గట్టిగా అడగండి సర్.

 జై హింద్.